సినిమాటిక్ ఫోటోలట! మరి మనుషులేరీ?

పెళ్ళి కుదిరిన ఏ ఇంటికి వెళ్ళినా ఈమధ్య ముహూర్తం, కళ్యాణ మండపం తర్వాత వినిపించే మూడో మాట "సినిమాటిక్". వంటవాళ్ళని ఇంకా మాట్లాడలేదు గానీ ఫోటోలవాళ్ళకి అడ్వాన్సు ఇచ్చేశామంటారు. "మామూలు ఫోటోలు కాదు వదినా, సినిమాటిక్‌గా తీస్తారట" అని చెప్పేటప్పుడు ఆ మొహంలో వెలుగు చూడాలి. మామూలు ఫోటోలంటే ఏమిటో, అవి చేసిన నేరమేమిటో మాత్రం ఎవరూ చెప్పరు.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. కదలని ఫోటోలో సినిమా అనుభూతి తేవడం గొప్ప విద్య. దాని మీద నాకు కోపం లేదు సరికదా, బోలెడంత ఇష్టం. నా కోపమంతా ఆ పేరు పెట్టి మన విశాఖపట్నంలో అమ్ముతున్న సరుకు మీద. సినిమా నుంచి పొగ, మసక, నల్ల పట్టీలు, నారింజ రంగు మాత్రం పట్టుకొచ్చారు. సినిమాకి ప్రాణమైన మనుషుల్ని, చోటుని, వెలుతురుని గుమ్మం బయటే వదిలేశారు. దానికి ఇంటివాళ్ళు లక్షలు కడుతున్నారు.

ముందు సూర్యుడి సంగతి తేల్చుకుందాం. మనది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, ఊరి వెనక కొండల్లోకి దిగుతాడు. ఒకటో తరగతి పిల్లలకి కూడా తెలిసిన విషయం ఇది. అయినా ఆర్కే బీచ్‌లో సాయంత్రం తీసిన ఆల్బమ్ తిరగేస్తే, జంట వెనక సముద్రంలో సూర్యుడు ఎర్రగా అస్తమిస్తూ ఉంటాడు! గోవా ఆకాశాన్ని కోసుకొచ్చి బంగాళాఖాతం మీద అతికించారన్నమాట. అబ్బాయి మొహం మీద వెలుతురు ఊరి వైపు నుంచి పడుతోంది, సూర్యుడేమో వీపు వెనక ఉన్నాడు. ఇదీ సినిమాటిక్!

నిజానికి మన బీచ్ సాయంత్రానికి ఏ అతుకూ అవసరం లేదు. నాలుగు దాటాక సూర్యుడు బీచ్ రోడ్డు మేడల వెనక్కి జారుకుంటాడు. ఆ మేడల నీడ ఇసక మీదుగా మెల్లగా నీళ్ళదాకా పాకుతుంది. అప్పుడు తూర్పు ఆకాశమంతా ఒక పెద్ద తెల్ల దుప్పటిలా వెలుతురుని మొహాల మీదికి పంపిస్తుంది. ఎవరూ కళ్ళు చికిలించరు, ముక్కు కింద నల్ల నీడ పడదు, చామనఛాయ చర్మం పట్టులా కనిపిస్తుంది. సూర్యుడే కావాలంటారా, పొద్దున్నే లేవండి. జూన్ నెలలో అయిదున్నర కాకముందే నీళ్ళలోంచి పైకొస్తాడు. ఆయన వేళకి మనం వెళ్ళాలి గానీ, మన వేళకి ఆయన్ని అతికించుకోవడమేమిటి?

కల్పన వద్దని నేను అనడం లేదు. "మాయాబజార్" (1957)లో మార్కస్ బార్ట్లీ గారు పడవ పాటలో పుట్టించిన వెన్నెల చాలావరకు స్టూడియో దీపాలదే. అయినా ఇన్నేళ్ళుగా మనమంతా దాన్ని వెన్నెల అనే నమ్ముతున్నాం. ఎందుకంటే దీపం ఎటు నుంచి వస్తోందో ఆయనకి తెలుసు. నీళ్ళ మీద మెరుపూ, సావిత్రి గారి చెంప మీద వెలుగూ ఒకే చంద్రుడి మాట వింటాయి. అబద్ధం చెప్పినా దాన్ని చివరిదాకా నిలబెట్టే శ్రద్ధ అది. మన ఆల్బమ్‌లలో లేనిది ఆ శ్రద్ధే.

రెండోది నల్ల పట్టీలు. ఫోటోకి పైనా కిందా నల్ల పట్టీ వేస్తే సినిమాస్కోప్ అయిపోతుందట. సినిమాస్కోప్ ఎందుకొచ్చిందండీ? 1953లో హాలీవుడ్ వాళ్ళు "ది రోబ్" సినిమాతో దాన్ని తెచ్చింది, ఇంట్లో చిన్న టీవీ పెట్టెకి అలవాటు పడుతున్న జనానికి ఇంకా ఎక్కువ చూపించడానికి. మన తెలుగులో "అల్లూరి సీతారామరాజు" 1974లో మొదటి స్కోప్ సినిమాగా వచ్చింది. చింతపల్లి అడవుల్లో తీశారు. ఆ వెడల్పు తెరలో కొండలూ ఉన్నాయి, చెట్లూ ఉన్నాయి, వాటి మధ్య మన్యం జనమూ ఉన్నారు. వెడల్పు వాళ్ళందరి కోసం.

మామూలు కెమెరాలో బొమ్మ మూడుకి రెండు కొలతలో పడుతుంది. దాన్ని స్కోప్ కొలతకి తేవాలంటే పైనా కిందా కలిపి మూడో వంతు కంటే ఎక్కువ కోసేయాలి. వెడల్పు అంగుళం కూడా పెరగదు. పోయేవి మాత్రం పెళ్ళికూతురి పాపిటబిళ్ళ, కాళ్ళ పారాణి, పీటల ముందు కూర్చున్న పురోహితుడి సగం తల. సినిమావాళ్ళు ఎక్కువ చూపించడానికి కనిపెట్టినదాన్ని మనవాళ్ళు తక్కువ చూపించడానికి వాడుతున్నారు.

ఇక మసక. ఈ మసకే నాకు అన్నిటికంటే బాధ కలిగించేది. ఖరీదైన లెన్సు పూర్తిగా తెరిచి తీస్తే పెళ్ళికూతురి కనురెప్ప ఒక్కటే స్పష్టంగా ఉంటుంది, వెనకంతా రంగురంగుల వెన్నముద్ద. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది, కాదనను. కానీ ఆ వెన్నముద్ద ఎవరనుకున్నారు? పసుపుపచ్చగా కరిగిపోయింది అమ్మమ్మ చీర. తెల్లగా కరిగిపోయింది నాన్న కండువా. నారింజ రంగు చుక్క, తమ్ముడి చొక్కా.

మా వెనక వీధిలో ఒక పెద్దాయన కూతురి పెళ్ళి ఘనంగా చేశారు. మూడు నెలలు తిరక్కుండానే నిద్రలో పోయారు. దండ వేయడానికి ఫోటో కావాలి కదా, పిల్లలు పెళ్ళి ఫోటోల డ్రైవ్ తీసి కంప్యూటర్‌కి పెట్టారు. వేలకొద్దీ ఫోటోలు. కన్యాదానంలో ఆయన ఉన్నారు, చేతుల వరకే. అప్పగింతల్లో ఉన్నారు, కూతురి భుజం వెనక మసకగా. గుమ్మం దగ్గర పెళ్ళివారిని ఆహ్వానిస్తూ ఉన్నారు, డ్రోన్‌కి కనిపించిన బట్టతలగా. పన్నెండో రోజుకి చివరికి ఆధార్ కార్డు మీది బొమ్మని పెద్దది చేయించి ఫ్రేము కట్టించారు. లక్షలు ఖర్చుపెట్టిన ఇంట్లో, ఆ ఖర్చంతా పెట్టిన మనిషి మొహం ప్రభుత్వం తీసిన ఫోటోలో తప్ప ఎక్కడా లేదు. ఆ ఇల్లాలు ఆ ఫోటో ముందు దీపం పెడుతూ "నవ్వుతూ ఉండేవారు, ఇందులో ఆ నవ్వు లేదు" అన్న మాట నా చెవుల్లో ఇంకా ఉంది. సినిమాటిక్ మీద నా పోట్లాట సరదాకి కాదని ఇప్పుడైనా అర్థమైందా?

మరో ఇంట్లో ఆల్బమ్ చూశాను. పెళ్ళికూతురి తండ్రి పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. జంటని బీచ్‌లో నిలబెట్టి బాగానే తీశారు. వెనక సముద్రం ఖాళీగా ఉంది. "ఓడలేవమ్మా?" అని అడిగాను. మన బీచ్‌లో నిలబడితే బయట లంగరేసి, పోర్టులోకి పిలుపు కోసం కాచుకున్న ఓడలు కనిపించని రోజు అరుదు కదా. ఆ అమ్మాయి నవ్వుతూ, "క్లటర్ అని ఎడిటింగ్‌లో తీసేశారాంటీ" అంది.

ఓడలు చెత్తట! 1933లో తెరుచుకున్న ఈ ఓడరేవు లేకపోతే ఈ ఊరు ఇంత పెద్దదయ్యేదా? ఆ తండ్రి ముప్పై ఏళ్ళకు పైగా ఆ ఓడల సరుకు లెక్కలు చూసే కూతుర్ని చదివించాడు. ఆ అమ్మాయి వెనక నిలబడటానికి వాటికంటే ఎక్కువ హక్కు దేనికుంది? ఒక మంచి సినిమా కెమెరామన్ అయితే ఆ ఓడల్ని ఫ్రేములో ఎక్కడ పెట్టాలా అని అరగంట అటూ ఇటూ నడిచి ఉండేవాడు. ఇక్కడ అర నిమిషంలో తుడిచేశారు. మిగిలిన సముద్రం ఏ ఊరిదో చెప్పలేం. మాల్దీవులన్నా నమ్ముతారు. వాళ్ళకి కావలసిందీ అదే.

మన ఊరి మొహం అంటే ఏమిటో తెలిసిన సినిమా ఒకటుంది. కె. బాలచందర్ గారి "మరోచరిత్ర", 1978. ఇక్కడా, భీమిలిలోనూ తీశారు. అప్పటికే రంగుల సినిమాలు మామూలైపోయాయి. అయినా నలుపు తెలుపులో తీశారు. ఛాయాగ్రహణం బి.ఎస్. లోక్‌నాథ్ గారిది. పొగ డబ్బాలు లేవు, నారింజ ఆకాశం లేదు. కొండ, ఇసక, మెట్లు, గాలి, ఇద్దరు పిల్లలు. ఆ సినిమా మద్రాసులో తెలుగులోనే అయిదొందల రోజులు దాటి ఆడింది.

అందులో కథానాయిక సరిత గారికి అదే మొదటి సినిమా. ఆమె తెల్లని అమ్మాయి కాదు, నల్లపిల్ల. ఆ పెద్ద కళ్ళూ, ఆ రంగూ అలాగే తెరమీద పెట్టి ఒక తరం మొత్తాన్ని ఆమెతో ప్రేమలో పడేశారు. అదే ఊళ్ళో ఇవాళ నల్లపిల్లకి పెళ్ళయితే ఆల్బమ్‌లో ఆమె ఉండదు. ఆమె పోలికలతో ఎవరో గోధుమరంగు పిల్ల ఉంటుంది. మెడ ఒక రంగు, చెయ్యి ఇంకో రంగు. అడక్కుండానే తెల్లబరుస్తారు, అది ప్యాకేజీలో ఉచితం! నీ రంగు బాగాలేదని ఆ పిల్ల మొహం మీదే చెప్పడం కదూ ఇది? పైగా ఆ మాట తన డబ్బుతోనే, తన పెళ్ళి పుస్తకంలోనే, మనవలు చూసేదాకా ఉండేటట్టు అచ్చు వేయించి మరీ చెప్పడం.

రంగులంటే గుర్తొచ్చింది. సినిమాటిక్ కలర్ అని అన్నిటికీ ఒకటే పూత వేస్తారు. నీడల్లో నెమలిపింఛం నీలం, మొహాల మీద నారింజ. హాలీవుడ్ యాక్షన్ సినిమాలకి అది బావుంటుందేమో. మన పెళ్ళికి ఉన్న రంగులేమిటి? మామిడాకు పచ్చ, పసుపు పసుపు, మధుపర్కం తెలుపు. ఆ పూత కింద మామిడి తోరణం నీలంగా వాడిపోతుంది, పసుపు ముద్ద ఇటుకపొడిలా అవుతుంది, పచ్చగాజులు బూడిద రంగుకి తిరుగుతాయి. పసుపు పసుపులా కనిపించని పెళ్ళి ఫోటో ఏం పెళ్ళి ఫోటో అండీ?

సరే, మరి కదలని బొమ్మలో సినిమా ఎక్కడుంటుంది? నాకు తోచింది చెబుతాను. ఫ్రాన్స్‌లో క్రిస్ మార్కర్ అనే ఆయన 1962లో "లా జెతే" అని అరగంట కూడా లేని సినిమా తీశాడు. దాదాపు అంతా నిశ్చల ఛాయాచిత్రాలే, ఒకదాని తర్వాత ఒకటి. కదిలేది ఒక్కచోటే, నిద్రలో ఉన్న ఒక స్త్రీ కళ్ళు తెరిచే చోట. చూస్తుంటే అది ఫోటోల వరస అన్న సంగతే మర్చిపోతాం. అలాగే అమెరికాలో సిండీ షెర్మన్ అనే ఆవిడ 1977-80 మధ్య, అసలు లేని సినిమాల్లోని స్టిల్స్ అన్నట్టు తన ఫోటోలు తనే తీసుకుంది. వంటింట్లో నిలబడి ఉంటుంది, చూపు ఫ్రేము బయటికి ఉంటుంది. ఎవరొచ్చారు? ఏం విన్నది? మనకి తెలియదు, తెలుసుకోవాలనిపిస్తుంది. అంతే, అదే సినిమా. ఈ క్షణానికి ముందు ఏదో జరిగింది, తర్వాత ఏదో జరగబోతోంది అనిపించాలి. కెమెరా వైపు చూసి, చెయ్యి నడుం మీద పెట్టి, "పర్‌ఫెక్ట్ సర్!" అనిపించుకున్న బొమ్మకి ముందూ లేదు, తర్వాతా లేదు.

అలాంటి క్షణాలకి పెళ్ళింట్లో కరువా? అడ్డుతెర ఇంకా దించలేదు, అటువైపు అబ్బాయి మెడ సాచి చూస్తున్నాడు. తెల్లవారుజామున వంటపందిట్లో పెద్దమ్మలు కూరలు తరుగుతూ ఎవరి గురించో నవ్వుకుంటున్నారు. ప్లాంటులో సీ షిఫ్టు దిగి తిన్నగా మండపానికొచ్చిన బాబాయి కుర్చీలో కునుకు తీస్తున్నాడు. బుట్ట ఎత్తబోతున్న మేనమామ నడుం పట్టుకుని దమ్ము తీసుకుంటున్నాడు. ఇవన్నీ దర్శకుడు లేకుండా దొరికే సినిమా దృశ్యాలు. ఆ సమయంలో కెమెరావాళ్ళు ఎక్కడున్నారు? మేడమీద, పెళ్ళికొడుకు బూటు లేసు కట్టుకోవడం పదోసారి తీస్తున్నారు.

మాకు దగ్గర బంధువుల పెళ్ళిలో జరిగింది ఇది. జీలకర్ర-బెల్లం తలమీద పెట్టారు, బాజాలు మోగాయి, ముహూర్తం పడింది. కెమెరా కుర్రాడు చెయ్యెత్తి, "సార్, ఫోకస్ మిస్సయింది, ఇంకోసారి" అన్నాడు. పురోహితుడు ఆయన వంక చూసిన చూపు చూడాలి! ముహూర్తానికి రెండో టేకు ఉంటుందా? అదే పెళ్ళి అప్పగింతల్లో తల్లి కళ్ళు తుడుచుకుంటుంటే, "ఆంటీ, తుడుచుకోకండి, అలా ఉంచండి, లైట్ వస్తోంది" అన్నాడు. ఆవిడ నిజంగానే చెయ్యి దించేసింది. కూతుర్ని పంపిస్తున్న తల్లి ఏడవడానికి కూడా పక్కవాడి సూచన కోసం చూడాల్సి వచ్చింది. ఆ ఫోటో ఎంత బాగా వచ్చినా నేను దాన్ని మంచి ఫోటో అనను.

"పిల్లల సరదాని ఎందుకు కాదంటారు?" అని మీరు అడుగుతారు, తెలుసు. ప్రీ-వెడ్డింగ్ షూట్ మీద నాకు పగ లేదు. పెద్దలు కుదిర్చిన పెళ్ళిలో ఆ ఇద్దరూ కలిసి గడిపే మొదటి పూట అదే కావచ్చు. రుషికొండలోనో అరకులోనో నాలుగు మాటలు మాట్లాడుకుంటారు, మంచిదే. కానీ మాట్లాడుకోనివ్వాలి కదా! పరిగెత్తు, తిరుగు, ఎత్తుకో, దించు. ఎర్రమట్టి దిబ్బల మీద పొగ గొట్టం వెలిగించి పట్టుకో. ఆ దిబ్బలు జాతీయ భూవారసత్వ సంపదగా గుర్తించినవి. వేల ఏళ్ళుగా గాలీ నీళ్ళూ పేర్చిన ఇసక అది. మన పిల్లల లెహంగా తిరగడానికి వేసిన సెట్టు కాదు.

"కుర్రాళ్ళ పొట్ట మీద కొడతారా?" అని ఇంకొకరు. కొట్టను. రాత్రంతా నిలబడి, భోజనం చివరి బంతిలో తిని, నెలల తరబడి ఎడిటింగ్ చేసే పని వాళ్ళది. అందులో చాలామందికి కన్ను ఉంది, చేతి నేర్పూ ఉంది. వాళ్ళు ఇస్తున్నది ఇంటివాళ్ళు అడిగినదే. యూట్యూబ్‌లో ఎవరిదో వీడియో చూపించి "ఇలాగే కావాలి" అంటే వాళ్ళయినా ఏం చేస్తారు? అడిగే నోరు మారితే తీసే చెయ్యీ మారుతుంది. అందుకే ఈ గొడవంతా ఫోటోగ్రాఫర్లతో కంటే అడ్వాన్సు ఇచ్చే అమ్మానాన్నలతోనే.

అడ్వాన్సు చేతిలో పెట్టేముందు ఈ మాటలు చెప్పండి. మా పిల్ల రంగు మార్చొద్దు. మా ఊరు తుడిచేయొద్దు, ఓడలైనా, కరెంటు తీగలైనా. ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కొక్కరికీ మొహం స్పష్టంగా, వాళ్ళు వాళ్ళ పనిలో ఉండగా, ఒక్క ఫోటో అయినా ఉండాలి. ఈ పేర్ల పట్టీ కాగితం మీద రాసి ఇవ్వండి, అమ్మమ్మ నుంచి పాలేరు దాకా. తంతు జరిగేటప్పుడు "ఇంకోసారి" అనే మాట వినపడకూడదు. తలంబ్రాలు పోసే చేతులు కాస్త కదిలినట్టు పడితే పడనివ్వండి. సినిమా కెమెరా సెకనుకి 24 బొమ్మలు తీస్తుంది, ఒక్కో బొమ్మకీ మామూలుగా సెకనులో యాభయ్యో వంతు వెలుతురు తాగుతుంది, అందుకే అందులో కదిలే చెయ్యి కొంచెం చెదిరి ప్రాణంతో ఉంటుంది. వెయ్యో వంతులో గడ్డకట్టించిన బియ్యపు గింజలు పూసల్లా గాల్లో వేలాడతాయి, అంతే.

"మాయాబజార్"లో ప్రియదర్శిని పెట్టె గుర్తుందా? తెరిచినవాళ్ళకి వాళ్ళకి ప్రియమైనదే కనిపిస్తుంది. పెళ్ళి ఆల్బమ్ మనింటి ప్రియదర్శిని. ఇరవై ఏళ్ళ తర్వాత తెరిచినప్పుడు పిల్ల అందులో తన నడుం ఒంపు వెతుక్కోదు. అమ్మమ్మ ఉందా, నాన్న అప్పటికి ఎంత సన్నగా ఉండేవాడు, ఇల్లు ఏ రంగులో ఉండేది అని వెతుక్కుంటుంది. హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబరులో మా వీధి డాబాల మీద బియ్యంతో పాటు తడిసిన ఆల్బమ్‌లు కూడా ఆరబెట్టారు. ఒక్కో ఆకూ విడదీస్తూ అందరూ వెతికింది మొహాలనే.

చివరగా ఒక మాట తల్లులతో. ఫోటోలవాళ్ళు పిలిస్తే "నన్నెందుకు బాబూ, చీర నలిగింది, పనుంది" అని పక్కకి తప్పుకోకండి. నలిగిన చీరతోనే, చేతికి పసుపుతోనే, చెమట మొహంతోనే రండి. వచ్చి మధ్యలో నిలబడండి. మసక చేస్తానంటే ఒప్పుకోకండి.